చద్దివేళ కాఫీ

కాఫీని గూర్చియు ఇడ్లీని గూర్చియు ఒక సాంస్కృతిక సంచికలో వ్యాసము వ్రాయుట తగునా యని పాఠకులలో కొందరికి తోచవచ్చును. శాసనములు, దేవాలయములు, కావ్యములు, హరికథలు ఒక జాతి సంస్కృతికి గురుతులు గాని, ప్రొద్దున హోటలు బల్లపై పొగలు గ్రక్కు కాఫీ లోటా గురుతెట్లగునని అడుగవచ్చును. నేనును చిరకాలము ఇట్లే తలచినవాడనే. మా మనుమరాలు అడిగిన ఒక చిన్న ప్రశ్న నా తలపును మార్చినది. ఆ ప్రశ్న వెంట నడచి నేను చూచిన కొన్ని కాఫీ హోటళ్లను గూర్చియు, అచ్చట నాకు జ్ఞప్తికి వచ్చిన నా పాత తప్పును గూర్చియు ఇచ్చట వ్రాయుచున్నాను.

మా మనుమరాలు బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నది. శని, ఆదివారములకు హొసూరు వచ్చును. ఒక ఆదివారము తొమ్మిది గంటలకు నిద్ర లేచి వచ్చి, "తాతా, మన ఊర్లో బ్రంచ్‌కి మంచి చోటు ఎక్కడుండాది?" అని అడిగినది. ఆ మాట నేను అంతకు పూర్వము వినలేదు. ఆమెయే వివరించినది. ఉదయపు ఫలహారము కాక, మధ్యాహ్న భోజనము కాక, ఆ రెంటికిని నడుమ తీరికగా కూర్చుండి చేయు భోజనమట. ఆంగ్లమున ఆ రెండు భోజనముల పేర్లను అతికి ఈ మాట చేసినారట. పిదప విచారింపగా, 1895లో గై బెరింజర్ అను ఆంగ్ల రచయిత ఒక పత్రికలో ఈ భోజనమును సమర్థించుచు వ్యాసము వ్రాసెనని తెలిసినది. ఆదివారము చర్చి నుండి వచ్చి బరువైన మాంసాహారమును ఆరగించుట కంటె, కాఫీతోనో టీతోనో మొదలిడి మెల్లగా తినుట మేలని ఆయన వాదము.

నేను నవ్వి, "అది మనకు తెలిసిందేనమ్మా, చద్దివేళ అంటారు" అంటిని.

నిజముగా ఈ భోజనము మనకు క్రొత్తది కాదు. కోడికూతతో మడక కట్టిన మన రైతు, ప్రొద్దు బారెడెక్కిన పిదప గట్టు మీద కూర్చుండి, ఇంటినుండి వచ్చిన రాగి సంగటినో, మజ్జిగ పోసిన చద్దినో, ఉల్లిపాయతోను ఊరగాయతోను తినెడివాడు. దానికి ముందు భోజనము లేదు. తరువాత సాయంకాలము వరకు లేదు. ఆ వేళకే చద్దివేళ యని పేరు. పోతన భాగవతమున గోపబాలురతో కృష్ణుడు కూర్చుండి ఆరగించినదియు ఈ చల్దియే. పాశ్చాత్యులు నూటముప్పది యేండ్ల క్రిందట పేరు పెట్టుకొన్న దానికి, మనకు అంతకు ఎన్నో యేండ్ల ముందే పేరున్నది. ఈ మాట చెప్పగా మనుమరాలు, "అయితే ఆ చద్దివేళకే పోదాం పద తాతా" అన్నది. ఆవిధముగా మా ఆదివారపు యాత్రలు మొదలైనవి.

మొదటి ఆదివారము చంద్రచూడేశ్వరస్వామి కొండ కనబడు పాత హొసూరులోని ఒక హోటలునకు ఆమెను తీసికొనిపోతిని. హొసూరు హోటలులో టిఫిను తినుట యనిన మూడు దేశముల వంటను ఒకే ఆకులో తినుటయే. పడమటినుండి ఉడుపివారి పద్ధతియు, బెంగుళూరు పద్ధతియు వచ్చినవి. దక్షిణమునుండి కుంభకోణము, సేలం పద్ధతులు వచ్చినవి. తూర్పున కుప్పము, చిత్తూరు సీమనుండి కారమును, వేరుసెనగ చట్నీయు వచ్చినవి. బెంగుళూరువలె కొంచెము బెల్లము పడిన సాంబారు ఒక హోటలులో దొరకును. దాని ప్రక్క హోటలులోనే చింతపండును, ఇంగువయు ముందు నిలుచు తమిళ సాంబారు దొరకును. ఒక బల్ల దగ్గర 'ఉప్పిట్టు' అని అడిగినదియే మరియొక బల్ల దగ్గర 'ఉప్మా'. ఒకరి 'ఉద్దిన వడ' మరియొకరికి 'ఉళుందు వడై'. మన యింటిలో అది 'గారె'. మార్గశిర, పుష్య మాసములలో వచ్చితిరేని అనుముల కాలము. అప్పుడు పితికిన పప్పు వేసిన ఉప్పిట్టు దొరకు హోటలును వెదకి తినుడు. ఆ రుచి బొంబాయి రవ్వకు వచ్చునది కాదు, మన మొరసునాటి మంచు రాత్రులు ఆ గింజకిచ్చినది.

ఇక కాఫీ. మా మనుమరాలికి నేను మూడు పరీక్షలు చెప్పితిని. మొదటిది డికాషన్ ఎప్పుడు దింపినారో చూడవలెను. చిల్లుల అడుగు గల పై గిన్నెలో పొడి పోసి, మెల్లగా అదిమి, మరుగు దింపిన నీరు పోసినచో, చుక్క చుక్కగా క్రింది గిన్నెలోనికి దిగును. తొందరపెట్టినచో పలుచనగును. గంటలకొలది పొయ్యి ప్రక్కన వేడిగా నుంచినచో చేదెక్కును. హొసూరు సముద్రమట్టమునకు దాదాపు 3000 అడుగుల ఎత్తుననున్నది. ఇచ్చట నీరు నూరు డిగ్రీలకు గాక సుమారు 97 డిగ్రీలకే మరుగును. కాఫీ పొడినుండి రుచిని తీయుటకు 90 మొదలు 96 డిగ్రీల వేడి తగినదని తెలిసినవారందురు. కాబట్టి మన యూరి నీరు పొయ్యి దిగగానే కాఫీకి సిద్ధముగా నుండునని చెప్పి, మా యూరిని గూర్చి కొంత గర్వపడితిని. రెండవ పరీక్ష చికోరీ. నూటికి ఇరువది ముప్పది పాళ్లు కలిపినచో చిక్కదనము, రంగు వచ్చును. మించినచో కాఫీ వాసన పోయి, కాలిన వేరు వాసన నిలుచును. మూడవది పాలు. అప్పుడే పొంగిన పాలతో కలిపినదానికిని, ప్రొద్దుటినుండి మరుగుచున్న పాలతో కలిపినదానికిని గల తేడాను పసిపిల్లలు కూడ చెప్పగలరు.

ఈ మూడు పరీక్షలలోను ఆ హోటలు నెగ్గినది. మనుమరాలు లోటాను డబరాలోనికి ఎత్తి పోయుట నావద్ద నేర్చినది. నేను నా జీవితమున ఎన్నడును చేయని నాల్గవ పరీక్షను మాత్రము ఆనాడు ఆమెయే చేసినది.

మా బల్లకు వడ్డించిన కుర్రవాడు అస్సామునుండి వచ్చినవాడు. రెండేండ్లుగా ఇచ్చట పని చేయుచున్నాడట. తమిళము తడబడక మాటలాడినాడు, కన్నడమును కొంత వచ్చును. మనుమరాలు హిందీలో, "మరి తెలుగు రాదా?" అని అడిగినది. వాడు ఆశ్చర్యపడి, "ఇక్కడ తెలుగు ఎవరు మాట్లాడుతారు?" అన్నాడు.

నేను చుట్టును చూచితిని. మా కుడివైపు బల్లవద్ద భార్యాభర్తలు పిల్ల పెండ్లి ఖర్చును గూర్చి తెలుగున లెక్కలు వేయుచున్నారు. వెనుక బల్లవద్ద నలుగురు వృద్ధులు కెళమంగలము నేలల ధరలను గూర్చి తెలుగున వాదించుచున్నారు. కిటికీ దగ్గర ఒక తల్లి బిడ్డకు తెలుగున కథ చెప్పుచు ఇడ్లీ తినిపించుచున్నది. ఆ గదిలో సగము మంది మనవారే. కాని వడ్డించు కుర్రవాడు దగ్గరకు రాగానే ప్రతి బల్లయు మాట మార్చుచున్నది. పెండ్లి లెక్క ఆగి తమిళమున రెండు పొంగళ్లు వచ్చును. నేలల ధర ఆగి ఆంగ్లమున నాలుగు కాఫీలు వచ్చును. వాడు వెడలగానే మరల తెలుగు. రెండేండ్లు తెలుగువారి నడుమ తిరిగిన ఆ బిడ్డ చెవికి, తెలుగు మాట ఒక్కటియు తనకై వినబడలేదు. వాని దోషమేమున్నది? నేను మాత్రము అంతకు ముందు క్షణమున వానిని అడిగినది ఏ భాషలో? తమిళముననే.

ఆ మాట నన్ను అరువదేండ్ల వెనుకకు తీసికొనిపోయినది.

మా నాయనగారు అక్షరము రాని రైతు. సంత దినమున నన్ను వెంటబెట్టుకొని హొసూరు వచ్చెడివారు. బేరములు ముగిసిన పిదప, చద్దివేళ దాటక మునుపు, సంత దగ్గరనున్న ఒక కాఫీ హోటలునకు తప్పక పోయెడివారము. ఆ హోటలు యజమాని ఉడుపి ప్రాంతమువాడు. మా నాయనగారు గడప దాటక మునుపే, వీధికి వినబడునట్లు, "స్వామీ, రెండు కాఫీ! అబ్బోడికి చక్కెర ఎక్కువ!" అని కేక వేసెడివారు. యజమాని తెలుగున "రా రెడ్డీ, కూర్చో" అని పలుకరించి, లోపలికి కన్నడమున చెప్పి, తమిళమున లెక్క వ్రాసెడివాడు. ఆయనకు తెలుగు ఎవరు నేర్పినారు? బడి నేర్పలేదు, ప్రభుత్వము నేర్పలేదు. మా నాయనగారివంటి కొన్ని వందలమంది గొంతులు నేర్పినవి.

ఆ గొంతెత్తుట వెనుక నొక కథ యున్నదని నేను పెద్దవాడనైన పిదప తెలిసికొంటిని. మా నాయనగారి యౌవనమున కాఫీ హోటళ్లలో లోపలి గది కొన్ని కులములవారికే. తక్కినవారికి వెలుపలి బల్ల. వెలుపలి బల్లకును నోచుకొననివారికి అరుగు క్రింద దూరముగా పోసెడివారు. దక్షిణ భారత రైల్వే ఫలహారశాలలలో ఈ విభజన 1941లో తొలగినది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము హోటళ్లలో కులమును బట్టి ఎవ్వరిని అడ్డగింపరాదని శాసించినది. 1955లో అంటరానితనమును నేరముగా శిక్షించు చట్టము వచ్చినది. హోటలు పలకలపై కులము పేరు ఉండరాదని 1957లో పెరియార్ నాయకత్వమున మద్రాసులో ఆందోళన జరిగినది. పలకలు పోయిన పిదపను పల్లె టీ అంగళ్లలో రెండు గ్లాసుల పద్ధతి చాల కాలము పోలేదు. వెలుపలి బల్లనుండి లోపలి బల్లకు వచ్చి కూర్చున్న మనుష్యుడు, గొంతు తగ్గించి కాఫీ అడుగుట ఎట్లు? మా నాయనగారి కేకలో చక్కెర మాటయే కాదు, "నేనిచ్చట కూర్చున్నాను" అను మాట కూడ నుండెడిది.

అట్టి గొంతును నేను తగ్గించితిని.

అది 1970 దశకము చివర. నాకు కృష్ణగిరిలో గుమాస్తా పని దొరకినది. నన్ను చూచుటకు మా నాయనగారు మామిడికాయల బుట్టతో వచ్చినారు. మా కార్యాలయమువారు తరచుగా పోవు హోటలునకు ఆయనను తీసికొనిపోతిని. అవతలి బల్లవద్ద నా పై అధికారులిద్దరు కూర్చున్నారు. నాయనగారు అలవాటు చొప్పున గడప దగ్గరనే, "స్వామీ, రెండు కాఫీ!" అని కేక వేసినారు. తలలు ఇటు తిరిగినవి. నా ముఖము వేడెక్కినది. నేను ఆయన చేయి పట్టుకొని, "మెల్లగా నాయనా" అని, సప్లయరుతో ఆంగ్లమున రెండు కాఫీలు చెప్పితిని.

నాయనగారు నా వంక చూచి, "ఏమిరా, మనం మన ఊర్లోనే కదా ఉండాము?" అన్నారు. ఆ మాట కూడ మెల్లగానే అన్నారు. కాఫీ వచ్చినది. సగము త్రాగి లోటా క్రింద పెట్టినారు. ఆ పిదప ఆయన ఎన్నిసార్లు వచ్చినను, "ఇంట్లోనే మజ్జిగ ఇయ్యిరా, చాలు" అనెడివారు. నాతో మరల హోటలునకు రాలేదు. ఆయన నన్ను నిందింపలేదు. నిందించియుండినచో నేను ఏదో సమాధానము చెప్పుకొని మరచియుందును.

ఈ కథను నేను మా యింటిలో ఎవరికిని చెప్పలేదు. రెండవ యాత్రకు కృష్ణగిరి పోవుచు దారిలో మనుమరాలికి చెప్పితిని. హొసూరునుండి కృష్ణగిరికి సుమారు 50 కిలోమీటర్లు. కాశ్మీరమునుండి కన్యాకుమారికి పోవు 44వ నంబరు జాతీయ రహదారియే మన దారి. శూలగిరి కొండ దాటి వేయి అడుగులకు పైగా దిగుదుము. చలి తగ్గును, మామిడి తోటలు మొదలగును. దారి పొడుగునను హోటళ్లే. కృష్ణగిరి పట్టణమునకు రైలు లేదు గాని, మద్రాసుకు, సేలమునకు, బెంగుళూరుకు, కుప్పమునకు, పుదుచ్చేరికి పోవు దారులన్నియు అచ్చట కలియును. కావున ఆ యూరు రాత్రింబవళ్లు ఎవరికో ఒకరికి కాఫీ పోయుచునే యుండును. అడయార్ ఆనంద భవన్ వంటి పెద్ద సంస్థల శాఖలు రహదారి ప్రక్కన వెలసినవి. 'కుంభకోణం డిగ్రీ కాఫీ' అను పలకలు, ఇత్తడి లోటా డబరాలు అడుగడుగునను కనబడును. దూరప్రయాణమువారికి అవి మంచివే. శుభ్రత యున్నది, పిల్లలకు వసతి యున్నది. కాని కాఫీ రుచి చూడగోరువారు రహదారిని విడిచి ఊరిలోనికి పోవలెను. బస్సులు కలియు రౌండానా వెనుక సందులలోను, కోటకొండ నీడనున్న పాతపేటలోను చిన్న హోటళ్లున్నవి. అచ్చట సాంబారున బెల్లము ఉండదు, దోసె హొసూరు దోసెకంటె పలుచన, చట్నీకి కారము హెచ్చు. మామిడి కాలమున వచ్చినచో తోటల సుగంధము కాఫీ వాసనతో కలియును.

నాయనగారు సగము కాఫీ విడిచిన హోటలు ఇప్పుడు లేదు. ఆ స్థలమున దుస్తుల అంగడి యున్నది. మేము దాని ఎదుట కొంతసేపు నిలిచితిమి. మనుమరాలు ఏమియు అనలేదు. తరువాత సందులోని ఒక చిన్న హోటలులో కూర్చుండి, రెండు కాఫీలు తెప్పించి, రెండవదానిని మేమిద్దరము పంచుకొంటిమి. మన ప్రాంతమున దీనిని 'బైటూ' అందురు. ఒక కాఫీని రెండు లోటాలలో పోసి యిచ్చుట బెంగుళూరునుండి మనకు వచ్చిన మంచి ఆచారము. ఖర్చు తగ్గుటకు పుట్టినదేమో గాని, స్నేహము పెరుగుటకే నిలిచినది.

మూడవ యాత్ర మనుమరాలి యిష్ట ప్రకారము. పరిశ్రమలు వచ్చిన పిదప హొసూరు రూపు మారినది. మోటారు వాహనములు, గడియారములు చేయు పెద్ద కర్మాగారములు వచ్చినవి. దేశపు నలుమూలలనుండి జనము వచ్చినారు. 2019లో పురపాలక సంఘము నగరపాలక సంస్థ అయినది. బెంగుళూరు బ్రిగేడ్ రోడ్డులో 1996లో మొదలైన కెఫే కాఫీ డే పిమ్మట, మెత్తని కుర్చీల కాఫీ అంగళ్లు క్రమముగా మన యూరికిని వచ్చినవి. అట్టి ఒకదానికి ఆమె నన్ను తీసికొనిపోయినది. పట్టిక అంతయు ఆంగ్లమున నున్నది. అవకాడో అను పండు పూసిన రొట్టె వెలకు మా పాత హోటలులో నలుగురు తృప్తిగా తినవచ్చును. కాని అన్యాయముగా మాటలాడరాదు. ఆ యంత్రపు కాఫీ నాకు నచ్చినది. మన ఫిల్టరులో నీరు తన బరువుతో తాను దిగును. ఆ యంత్రమున గాలి వత్తిడికి తొమ్మిది రెట్ల వత్తిడితో వేడినీరు అరనిమిషములో పొడిగుండ దూకును. ఒకటి ఓర్పు, ఒకటి వేగము. గింజ మాత్రము రెంటికిని చిక్కమగళూరు, కొడగు కొండలదే కావచ్చును. 1820 దశకమున సేలం కలెక్టరు కాక్‌బర్న్ ఏర్కాడు కొండపై కాఫీ మొక్కలు నాటించినప్పుడు మన హొసూరు, కృష్ణగిరి ఆ సేలం జిల్లాలోనివే. కాఫీ మనకు పరాయిది కాదని మనుమరాలికి అదియు చెప్పితిని.

కాఫీ తెప్పించుటకు బల్లవద్ద నున్న పిల్ల దగ్గరకు పోవలెను. ఆ పిల్ల మా ముందున్న వారందరితో చక్కని ఆంగ్లమున మాటలాడుచున్నది. మా వంతు వచ్చినది. మనుమరాలు నలుగురికి వినబడునట్లు, "రెండు కాఫీ అమ్మా, మా తాతకి చక్కెర తక్కువ" అన్నది.

నేను ఆ క్షణమున తల త్రిప్పి చుట్టును చూచితిని. ఎవరైన విన్నారా యని చూచితిని. నలువదేండ్లు దాటినను ఆ పాత భయము నా మెడలోనే యున్నది. ఎవ్వరును తల యెత్తలేదు. ఎవరి ఫోనులో వారున్నారు. బల్లవద్ద పిల్ల మాత్రము ముఖమంత నవ్వి, "చక్కెర వేరేగా ఇస్తానక్కా, తాతే కలుపుకోనీ" అన్నది. మాట బేరికె వైపుదని నేను వెంటనే గుర్తుపట్టితిని. "నీకు తెలుగు వస్తుందే, మరి అందరితో ఇంగ్లీషేనా?" అని మనుమరాలు అడుగగా, "అడిగితే కదక్కా మాట్లాడేది? ఎవరూ అడగరు" అన్నది.

అస్సాము కుర్రవాడును, బేరికె పిల్లయు నాకు ఒకే మాట చెప్పినారు. ఒకనికి తెలుగు రాదు, ఒకతెకు వచ్చును. ఇద్దరికిని తెలుగుతో పని లేకుండ చేసినవారము మనమే.

మన భాషకు కష్టములు లేవని నేననను. 1956లో భాషను బట్టి రాష్ట్రములు ఏర్పడినప్పుడు మనము ఉన్నచోటనే యుంటిమి, ఎల్లలు మాత్రము మన చుట్టును గీయబడినవి. నేటికిని, "మీరు ఆంధ్రనుండి ఎప్పుడు వచ్చినారు?" అని అడుగువారున్నారు. 2006లో వచ్చిన చట్టముచేత బడులలో తమిళము తప్పనిసరి యైనది. ఆ తొలి తరగతి పిల్లలు పదవ తరగతికి వచ్చుసరికి, మాతృభాషలో పరీక్ష వ్రాయు హక్కునకై పెద్దలు న్యాయస్థానములకు పోవలసి వచ్చినది. ఆ పోరాటము అవసరమైనదే. తమిళము నేర్చుటయు అవసరమే. మనము ఉప్పు తినుచున్న నేల భాష అది, దానియందు మనకు ద్వేషము కూడదు. కాని బడిలో తెలుగు లేదని న్యాయస్థానమున వాదించిన మనము, అచ్చటినుండి వచ్చి హోటలులో కూర్చుండి కాఫీని ఏ భాషలో అడుగుచున్నాము? దానిని నిషేధించిన చట్టమేదియు లేదు. ఏ అధికారియు మన లోటావద్ద నిలుచుండి వినుటలేదు. అచ్చట మన నోరు మూయించినది మన సంకోచమే. నన్ను నేనే సాక్షిగా నిలుపుకొని ఈ మాట చెప్పుచున్నాను.

భాష ఇంటిలో పుట్టును, బడిలో పెరుగును, నిజమే. అయితే వీధిలో చెల్లినప్పుడే దానికి మర్యాద. ఇంటిలో మాత్రమే చెల్లు నాణెమును పిల్లలు ఎంతకాలము దాచుకొందురు? ఉడుపినుండి వచ్చిన ఆ యజమాని వ్యాపారమునకై తెలుగు నేర్చెను. ఆయనను తెలుగు నేర్పించినది మన సంఖ్య కాదు, మన గొంతు. సంఖ్య ఇప్పుడును తక్కువ కాలేదు.

కావున సంచిక చదువు కుటుంబములకు నా మనవి చిన్నది. హొసూరునకు వచ్చితిరేని పాత యూరి హోటలులో పితికిన పప్పు ఉప్పిట్టు తినుడు. కృష్ణగిరి పోయితిరేని రహదారి విడిచి సందులోని కాఫీ త్రాగుడు. క్రొత్త అంగళ్లకును పిల్లలతో పోవుడు, వారికి మనతో కూర్చుండుట ఇష్టమైన చోటు అదియే కావచ్చును. ఎచ్చటికి పోయినను మొదటి మాట తెలుగున అడుగుడు. ఎదుటివానికి రాకున్నచో నవ్వి, అతనికి వచ్చిన భాషలో మరల చెప్పుడు. నష్టమేమియు లేదు, కాఫీ చల్లారదు.

నేను పిదపటి ఆదివారము మొదటి హోటలునకే పోయితిని. గడప దగ్గర నిలుచుంటిని. కేక వేయుటకు నోరు రాలేదని ఒప్పుకొందును. ఈ వయస్సున మా నాయనగారి గొంతు నాకు రాదు. కూర్చుండిన పిదప ఆ అస్సాము కుర్రవానితో, ప్రక్క బల్లకు వినబడునట్లు, "రెండు కాఫీ నాయనా, ఒకటి చక్కెర తక్కువ" అంటిని. వాడు తెల్లబోయి చూచినాడు. రెండు వ్రేళ్లు చూపి మరల చెప్పితిని. వాడు నవ్వి, "చక్కెర తక్కువ" అని వల్లించుకొనుచు లోపలికి పోయినాడు. ప్రక్క బల్లనున్న పెద్దమనిషి నా వంక చూచి, వాడు తిరిగి రాగానే, "మాకూ రెండు కాఫీ" అని తెలుగుననే అడిగినాడు.

ఇప్పుడు నేను పోయినచో అడుగవలసిన పని లేదు. దూరమునుండియే వాడు, "తాతా, చక్కెర తక్కువ?" అని కేక వేయును. ఆ కేక వీధికి వినబడును.